చప్పట్లు వద్దన్నది నేనే

"ఈ ఆదివారం నేను వాక్యం చెప్పనమ్మా" అన్నాడు మా వాడు, కారెక్కుతూనే. పదేళ్లు వాడికి. బైబిల్లోని 23వ కీర్తన మొత్తం కంఠతా వచ్చు. ఎందుకు నాన్నా అంటే, "చెప్తే అందరూ చప్పట్లు కొడతారు. అంకుల్స్ ప్రార్థన చేస్తే కొట్టరుగా?" అన్నాడు.

డాలస్‌లో మా సంఘానికి ఆరాధన క్రమం రాసే ముగ్గురిలో నేనొకదాన్ని. పిల్లలకీ వంతు ఉండాలని పట్టుబట్టి 15 నిమిషాలు పెట్టించింది నేనే. వాక్యాలు, ఒక యాక్షన్ సాంగ్, చప్పట్లు, వీడియోలు, తర్వాత పిల్లలు కిందికి సండే స్కూలుకి. అప్పుడు పాస్టర్ గారు "ఇక ఆరాధనలోకి వెళ్దాం" అంటారు. మరి అంతవరకూ జరిగిందేమిటని ఇన్నేళ్లలో నాకు తట్టలేదు. వీడియో గుంటూరుకి అందరికంటే ముందు పంపేదీ నేనే.

సరే, పిల్లల భాగం తీసేసి, ఉన్న ఆరాధనలోనే వాళ్లకి పని పెట్టాం. కానుకల సంచి పట్టడం, వాక్య పఠనంలో ఒక వచనం చూడకుండా చెప్పడం. బాగా కుదిరింది మాత్రం కీర్తనలే. పంతొమ్మిదో శతాబ్దంలో క్రైస్తవ కీర్తనలు రాసిన పురుషోత్తమ చౌదరి గారి కాలం నుంచీ మన కీర్తనలకి రాగం, తాళం, పల్లవి, చరణాలు ఉన్నాయి కదా. ప్రతి చరణం తర్వాతా పల్లవి తిరిగొస్తుంది. తెలుగు చదవలేని పిల్లలకి ఆ ఒక్క లైను నోటికొస్తే చాలు. చరణాలు పెద్దలవి, పల్లవి పిల్లలది. మా వాడి చేతికి కంజీర ఇచ్చాం. తాళం పరిగెడుతుంది, పరిగెట్టనివ్వండి. పాట అర్థం మాత్రం ముందే ఇంట్లో చెప్పాలి. నేను రెండు వారాలు చెప్పాను, మూడో వారం మర్చిపోయాను.

ప్రసంగం ఒక్క నిమిషం తగ్గలేదు. బైబిల్లో పౌలు మాట్లాడుతూ ఉంటే ఐతుకు అనే కుర్రాడు నిద్రపోయి మూడో అంతస్తు నుంచి పడ్డాడు కదండీ అని గుర్తు చేస్తే పాస్టర్ గారు నవ్వి ఊరుకున్నారు.

అయినా నా చిన్నప్పుడు ఇవన్నీ ఎవరు ఆలోచించారు? చాప మీద, ఆడవాళ్ల వైపు, అమ్మ ఒళ్లో నిద్రపోయేదాన్ని. "లేమి కలుగదు" అంటే ఏమిటో చాలా ఏళ్లు తెలీదు. పాటలు మాత్రం ఎలాగో అంటుకున్నాయి. కాకపోతే నాకు నిద్రలోనూ తెలుగే వినపడేది. వీడికి గుమ్మం దాటితే ఇంగ్లిషే. నా బాల్యాన్ని వీడికి కొలతగా పెట్టొచ్చో లేదో.

పోయిన ఆదివారం వచనం వంతు ఓ ఐదేళ్ల పాపది. చప్పట్లు వద్దని ముందే మైకులో చెప్పాను. "యెహోవా నా కాపరి, నాకు లేమి కలుగదు" అని గడగడా చెప్పేసి, అందరి మొహాల వంకా చూసింది. హాలంతా నిశ్శబ్దం. కింది పెదవి వణకడం మొదలైంది.

మొదటి చప్పట్లు నావే. కంజీర ఒళ్లో పెట్టుకుని మా వాడు నన్నే చూస్తున్నాడు.