బావగారూ, అల్లం కొమ్మూ

పడుకోబుద్ధి కావట్లేదు, అంతా బావగారి పుణ్యం. ఆయన సంగతి మీకు తెలుసుగా, రాయగడ నుంచి మా జయపురం దిగారంటే ఇంట్లో అందరికీ క్లాసే. సాయంత్రం టీలోకి అల్లం దంచుతుంటే చిన్నది "జింజర్ అనే మాట ఎక్కణ్ణించి వచ్చింది పెదనాన్నా" అంది, ఇంకేముంది. "శృంగవేరం! శృంగం అంటే కొమ్ము, వేరం అంటే ఒళ్ళు. మన సంస్కృతాన్ని తెల్లోళ్ళు ఎత్తుకుపోయారమ్మా." చెప్పింది ఒక ఎత్తు, చెప్పాక మావారి వంక చూసి నవ్విన నవ్వు ఒక ఎత్తు. పైగా టీలో చక్కెర ఎక్కువైందట.

లాటిన్‌లో జింగిబెర్, దానికి ముందు గ్రీకులో జింగిబెరిస్, ఆ వెనక పాళీలో సింగివేర, ఇంకా వెనక్కెళ్తే మన దక్షిణాది మాటే. తమిళంలో ఇంజి అంటే అల్లం, వేర్ అంటే మన తెలుగు 'వేరు'. సంస్కృతం వాళ్ళు ఆ మాట విని దానికి కొమ్ములు తగిలించారు, అంతే. ఇదంతా నాలిక చివర దాకా వచ్చింది, మింగేసి కప్పులు కడుక్కున్నా.

మా అమ్మమ్మైతే ఊరుకునేది కాదు. సిమిలిగుడలో ఉన్నప్పుడు కుందులి సంతకి నన్ను తీసుకెళ్ళేది, అల్లం కుప్పలు కుప్పలు, అన్నిటికీ ఎర్రమట్టే. ఈవిడ దుంపని పుటుక్కున విరిచి, సందుల్లో మట్టి బొటనవేలితో గీకి రాల్చాకే తక్కెట్లో పడనిచ్చేది, లేతదైతే పచ్చడికి, పీచు పట్టిందైతే శొంఠికి. బేరం అక్కడి కొండవాళ్ళ మాట దేశియాలో, లెక్క ఒడియాలో, తిట్లు మాత్రం నాకు తెలుగులో. అంతా అయ్యాక కొసరు, ఇంకో రెండు కొమ్ములు పడితేగానీ కదిలేది కాదు.

కొమ్ములు! అల్లం కొమ్ము, పసుపు కొమ్ము, శొంఠి కొమ్ము, మనమూ అనేది అదేగా, అమ్మమ్మేమీ సంస్కృతం చదవలేదే. చేతిలో దుంప అలా ఉంటే ఆ పాతకాలం పండితుడు మాత్రం ఏమనుకుంటాడు పాపం. అసలు మనం ఇంజి అని కూడా అనం, అల్లం అంటాం, మరి నేనెవరి తరఫున పోట్లాడుతున్నట్టు?

సరే, కొమ్ము ఆయనకే వదిలేశా. ఎత్తుకుపోయారన్నది మాత్రం ఒప్పుకోను. మొదటి శతాబ్దంలో ప్లినీ అనే రోమన్ ఆయన పౌండు బరువు నల్లమిరియాలు 4 దెనారీలు (వాళ్ళ వెండి నాణేలు), అల్లం 6 అని ధరలు రాసి పెట్టాడు, అదీ అరేబియాలో పండుతుందనుకుని. డబ్బిచ్చి కొనుక్కున్నారు బావగారూ. రేపు టిఫిన్ దగ్గర చెప్తా, మావారు బల్ల కింద కాలు తొక్కినా సరే.