ప్రభువా, నీవేల నిద్రించుచున్నావు?

డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో పంచే వాగ్దానం కార్డుల మీద 44వ కీర్తన నాకెప్పుడూ కనబడలేదు. 23 ఉంటుంది, 91 ఉంటుంది, 121 తప్పకుండా ఉంటుంది. ఇశ్రాయేలును కాపాడువాడు కునుకడు నిద్రపోడు అని ఫ్రేము కట్టించి గుమ్మం మీద పెట్టుకున్న ఇళ్లు మనలో ఎన్నో. అదే కీర్తనల గ్రంథంలో "ప్రభువా, మేల్కొనుము, నీవేల నిద్రించుచున్నావు?" అని నిలదీసిన భక్తులు కూడా ఉన్నారని మాత్రం ఎవరూ గుర్తు చేయరు. రోమా పత్రిక 8వ అధ్యాయంలోని "అత్యధిక విజయము" కారు అద్దాల మీద స్టిక్కరై తిరుగుతోంది. సరిగ్గా దాని ముందు వచనంలో పౌలు ఎత్తి రాసింది ఈ కీర్తనలోని మాటనే. నిన్నుబట్టి దినమెల్ల మేము వధింపబడుచున్నాము, వధకు సిద్ధమైన గొఱ్ఱెలమని ఎంచబడుచున్నాము అన్న మాట. ఆ స్టిక్కరు ఎవరు వేయించుకుంటారు?

వేయించుకోకపోతే పోనీ. నా బాధ వేరు. ఈ కీర్తనను పక్కన పెట్టేసిన మనం, కష్టంలో ఉన్నవాళ్ల గురించి నోటికొచ్చినట్టు మాట్లాడటం అలవాటు చేసుకున్నాం. యూదుల విషయంలో అయితే మరీను. "వాళ్లు ఎందుకన్ని బాధలు పడ్డారో తెలుసా?" అని ప్రసంగ వేదిక మీద నుంచి ప్రశ్న వేసి, యేసును సిలువ వేయమన్న వేళ ఆయన రక్తము మా మీదను మా పిల్లల మీదను అని అరిచారు కదా, అని జవాబు కూడా తామే చెప్పేసి, హిట్లర్ చంపించిన 60 లక్షల మంది లెక్కను రెండు నిమిషాల్లో తేల్చేసిన ప్రసంగం నేను విన్నాను. కూర్చున్నవాళ్లు ఆమేన్ అన్నారు. ఆ 60 లక్షల్లో పిల్లలే దాదాపు 15 లక్షల మంది. వాళ్లు ఏ చౌరస్తాలో నిలబడి ఏమని అరిచారట?

ఇంతకీ కీర్తన ఏమంటోందో చూడండి. మొదట పితరుల కాలం: నువ్వు వాళ్లను నాటావు, వాళ్ల కత్తి కాదు, నీ కుడిచెయ్యే గెలిపించింది. తర్వాత స్వరం మారిపోతుంది. ఇప్పుడు శత్రువుల ముందు మేం వెనక్కి పారిపోతున్నాం, జనాల మధ్య చెదిరిపోయాం, అందరి నోళ్లలో సామెతగా మారిపోయాం. ఈ మూడూ ఎక్కడివో గుర్తుపట్టారా? ద్వితీయోపదేశకాండము 28లో నిబంధన మీరినవాళ్లకు రాసి పెట్టిన శాపాలు. ఓటమి, చెదిరిపోవడం, సామెత కావడం, అన్నీ అక్కడున్నవే. శిక్ష మొత్తం అమలైంది. ఆ వెంటనే ఈ మాట: "ఇదంతయు మా మీదికి వచ్చినను మేము నిన్ను మరువలేదు, నీ నిబంధన మీరి ద్రోహులము కాలేదు."

ఎంత తెగువ! పత్రం మీద సంతకం చేసిన రెండో పక్షంతో, షరతు నేను తప్పలేదు, జరిమానా ఎందుకు వేశావు అని అడుగుతున్నారు. మేం మా దేవుని నామం మరిచి ఉంటే, అన్య దేవతల వైపు చేతులు చాపి ఉంటే, హృదయ రహస్యాలు ఎరిగినవాడివి నీకు తెలియదా, వెతికి చూసుకో అంటున్నారు. ధర కూడా కట్టకుండా నీ ప్రజల్ని అమ్మేశావు, దాని వల్ల నీకు వచ్చిన లాభమేమిటి అని కూడా అడిగారు. ఇదంతా దేవుణ్ని వదిలేసిన వాళ్ల మాట కాదు. సంబంధం తెగిపోయినవాడు ఎవర్నీ ఏమీ అడగడు, తన దారి తాను చూసుకుంటాడు.

ఇందులో నాకు మరీ ఇష్టమైన విషయం ఒకటుంది, అక్కడ కాస్త ఆగుతాను. ఈ కీర్తన ఎవరిది? పైన రాసే ఉంది, కోరహు కుమారులది. కోరహు మోషే మీద తిరగబడితే భూమి నోరు తెరిచి మింగింది. సంఖ్యాకాండము 26లో చటుక్కున ఒక చిన్న వాక్యం వస్తుంది: కోరహు కుమారులు చావలేదు. వాళ్ల సంతతే తర్వాత దేవాలయంలో గాయకులయ్యారు. అంటే పాపానికి శిక్ష పడటం ఎలా ఉంటుందో ఆ వంశానికి ఒకరు చెప్పాల్సిన పని లేదు. ఇంట్లోనే జరిగింది. కావాలంటే అందరికన్నా ముందు వాళ్లే అనగలరు, పెద్దాయన చేసింది మేం అనుభవిస్తున్నాం అని. అలాంటి వాళ్లే ఈసారి మాత్రం ఇది మా పాపం వల్ల కాదు అంటున్నారు. తండ్రికి పడిన శిక్షకు, తమ మీద పడిన దెబ్బకు తేడా తెలిసినవాళ్లు. కనీసం వాళ్ల మాటకైనా విలువ ఇవ్వాలి కదా మనం!

ఈ ప్రశ్న ఒకరోజు ఆవేశంలో అడిగి వదిలేసింది కాదు. యెరూషలేము దేవాలయంలో లేవీయులు రోజూ వేదిక ఎక్కి "మేల్కొనుము, నీవేల నిద్రించుచున్నావు?" అనేవారని రబ్బీల చర్చల ప్రాచీన గ్రంథమైన తల్ముద్ చెబుతోంది. వాళ్లకు మేల్కొలిపేవాళ్లు అనే పేరు కూడా ఉండేది. మన ఊళ్లలో తెల్లవారుజామున మైకులో సుప్రభాతం వింటూ పెరిగినవాళ్లం కాబట్టి దేవుణ్ని మేల్కొలపడం మనకు వింతేమీ కాదు. కాకపోతే ఆ పాటలో లాలన ఉంటుంది, ఈ కేకలో తలుపు బాదుతున్న చప్పుడుంది. క్రీస్తుకు పూర్వం 2వ శతాబ్దంలో యోహానాన్ అనే ప్రధాన యాజకుడు ఈ ఆచారాన్ని ఆపించాడు. దేవునికి నిద్ర ఉంటుందా అని ఆయన అభ్యంతరం. నిజమే, 121వ కీర్తన కాదంటుంది. మరి ఈ వచనం సంగతేమిటి అంటే రబ్బీలు ఒక మాట అన్నారు: ఇశ్రాయేలు బాధలోనూ లోకం సుఖంలోనూ ఉన్న రోజుల గురించి చెప్పిన మాట ఇది అని. ఆచారం ఆగిపోయింది, వచనాన్ని మాత్రం ఎవరూ కొట్టేయలేదు. నిద్రపోడు అన్న కీర్తనా, ఎందుకు నిద్రపోతున్నావన్న కీర్తనా ఒకే పుస్తకంలో ఉండిపోయాయి.

ఇక్కడ ఎవరైనా అడుగుతారని తెలుసు. ప్రవక్తలు పాపం గురించి చెప్పలేదా? యూదులే తమ ప్రార్థనల్లో, మా పాపాలను బట్టి మా దేశం నుంచి చెరపోయాం అనుకోరా? అనుకుంటారు. పండుగ ప్రార్థనలో ఆ మాట ఇవాళ్టికీ ఉంది. దానియేలు 9 చదవండి, నెహెమ్యా 9 చదవండి, విలాపవాక్యములు చదవండి. కానీ ఎవరు ఎవరి గురించి అన్నారో కూడా చూడాలి. బూడిదలో కూర్చున్నవాడు తన గుండె తాను బాదుకుంటూ అన్న మాట అది. కడుపు నిండిన వాడు రోడ్డుకు ఇవతల నిలబడి అదే మాట అంటే అది ప్రవచనం అవుతుందా? నీ కష్టాలకు నీ పాపమే కారణమని యోబు స్నేహితులు చెప్పిన సిద్ధాంతంలో తప్పు వెతకడం కష్టం, సగం వాక్యాలు మన ప్రసంగాల్లో ఆనందంగా ఇమిడిపోతాయి. అయినా ఆఖరున దేవుడు కోపపడింది యోబు మీద కాదు. నా సేవకుడైన యోబు పలికినట్టు మీరు నన్ను గూర్చి యుక్తమైనది పలకలేదు అని ఎలీఫజుతో అన్నాడు.

రబ్బీలు దీన్ని కథగా వదిలేయకుండా చట్టం చేశారు. బాధలో ఉన్నవాడితో, రోగంతో ఉన్నవాడితో, బిడ్డల్ని మట్టిలో పెట్టినవాడితో యోబు స్నేహితుల్లాగా "నిరపరాధి ఎవడైనా నశించాడా, జ్ఞాపకం చేసుకో" అని మాట్లాడకూడదు. తల్ముద్‌లో ఇది మాటలతో చేసే అన్యాయం కింద లెక్క. వ్యాపారంలో మోసం గురించి చర్చిస్తున్న చోటే ఇదీ ఉంది, పైగా డబ్బు మోసం కన్నా మాటల అన్యాయం పెద్దదంటారు. డబ్బయితే తిరిగి ఇవ్వవచ్చు. దుఃఖంలో ఉన్న ఇంటికి వెళ్లినవాళ్లు, ఆ ఇంటివాళ్లు నోరు తెరిచేదాకా తాము మాట్లాడకూడదన్న నియమం కూడా యోబు నుంచి తీసుకున్నదే. ఆ స్నేహితులు ఏడు రోజులు నేల మీద మౌనంగా కూర్చున్నారు కదా, ఆ వారం రోజులు వాళ్లు మంచి స్నేహితులే.

మా చెల్లెలి కొడుకు బ్లడ్ క్యాన్సర్‌తో పోయాడు. చిన్న పిల్లాడు. పరామర్శకు వచ్చిన ఒక దైవజనుడు ప్రార్థన చేసి, కుర్చీ ముందుకు జరుపుకుని, "ఇంట్లో ఒప్పుకోని పాపం ఏదైనా ఉందేమో, పరీక్షించుకోండి తల్లీ" అన్నాడు. చెల్లెలు ఏమీ అనలేదు. లేచి ఆయనకు టీ పెట్టడానికి వంటింట్లోకి వెళ్లింది. అప్పటి నుంచి నాకు ఈ విషయంలో ఓర్పు తక్కువ. చదివేవాళ్లు క్షమించాలి.

యూదుల గొప్ప గురువుల్లో ఒకడైన రబ్బీ అకీవాను రోమీయులు ఇనుప దువ్వెనలతో దేహం చీల్చి చంపారు. అది "ఇశ్రాయేలూ వినుము" ప్రార్థన చెప్పుకునే వేళ. ఆయన చెప్పుకుంటూనే ప్రాణం విడిచాడు. తల్ముద్‌లో ఇంకోచోట మోషేకే ఆ చావును చూపించారని ఉంది, అకీవా మాంసాన్ని అంగడిలో తూకం వేస్తున్న దృశ్యం. మోషే తట్టుకోలేక అడిగాడు: ఇదేనా ధర్మశాస్త్రం, ఇదేనా దానికి ప్రతిఫలం? వచ్చిన జవాబు: ఊరుకో, నా తలంపు అలా ఉంది. ఈ జవాబు నాకు మింగుడు పడదు, పడాలని కూడా నేననుకోను. కానీ ఒకటి గమనించండి, అకీవా ఫలానా పాపం చేశాడు అని అక్కడ దేవుడు కూడా అనలేదు. మనకెందుకు అంత తొందర?

నాజీలు యూదుల్ని గోడల మధ్య బంధించిన వార్సా ఘెట్టోలో ఒక రబ్బీ ఉండేవాడు, కలోనిమస్ కల్మన్ షపీరా. 1939 సెప్టెంబరు బాంబుదాడుల్లో ఒక్కగానొక్క కొడుకు పోయాడు, కోడలు పోయింది. అయినా విశ్రాంతి దినాలకు, పండుగలకు ప్రసంగాలు చెబుతూ, వాటిని రాసి పెడుతూ వచ్చాడు. మొదట్లో ఆయనా పాత వివరణలే చెప్పాడు. ఇలాంటి శ్రమలు మన జనానికి కొత్త కాదు, దేవాలయం కూలినప్పుడూ ఇలాగే జరిగింది అని 1941 హనుక్కా పండుగకు చెప్పాడు. 1942 చివర్లో అదే ప్రసంగం పక్కన ఒక మాట చేర్చాడు. అప్పటిదాకా జరిగిన వాటికే ఆ పోలిక సరిపోతుంది, ఆ తర్వాత జరిగిన ఘోరాలకు సాటి వచ్చేది ఎన్నడూ లేదు అని. చెప్పిన వివరణను దిద్దుకున్నాడు, చెప్పడం మానలేదు. దేవుడు చాటున ఏడుస్తాడన్న యిర్మీయా మాటను పట్టుకుని, ఆ లోపలి గదిలోకి మనం కూడా వెళ్లి ఆయనతో కలిసి ఏడవగలం అన్నాడు. ఆఖరి ప్రసంగం 1942 జులై 18న. నాలుగు రోజులకు, జులై 22న, ఘెట్టో నుంచి ట్రెబ్లింకా మరణ శిబిరానికి రైళ్లు మొదలయ్యాయి. రెండు నెలల్లో రెండున్నర లక్షల మందికి పైగా వెళ్లారు. ఆయన్ను 1943 నవంబరులో చంపేశారు. పాల క్యానులో పెట్టి పాతిన ఆ కాగితాలు యుద్ధం అయ్యాక శిథిలాల కింద దొరికాయి.

ఆ జులై 22 సాయంత్రమే తిషా బాఅవ్ ఉపవాసం మొదలైంది, యెరూషలేములోని రెండు దేవాలయాలూ కూలిన దినం. ఆ రాత్రి యూదులు తోలు చెప్పులు విడిచి, నేల మీద కూర్చుని విలాపవాక్యములు చదువుతారు. ఆ గ్రంథం చివరి వచనం భయంకరం: నువ్వు మమ్మల్ని బొత్తిగా విసర్జించావు, మా మీద మహా కోపంతో ఉన్నావు. అక్కడితో ముగించరు. ముందున్న వచనాన్ని, నీవు మమ్మును నీతట్టు త్రిప్పుము అన్నదాన్ని, అందరూ గొంతెత్తి మళ్లీ చదువుతారు. ఆఖరి వచనాన్ని చెరిపేయలేదు, చదివాకనే ఇది చదువుతారు.

యూదులంటే ఎక్కడో ఉన్నవాళ్లు కదా అనుకోకండి. మన గుంటూరు జిల్లాలో చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో తెలుగు మాట్లాడుకునే యూదు కుటుంబాలు ఉన్నాయి. మన ప్రసంగం వాళ్ల చెవిన కూడా పడవచ్చు. మైకు పట్టుకున్నప్పుడు ఆ ఆలోచన ఉండాలి.

తల్ముద్‌లో రబ్బీ యోహానాన్ (పైన చెప్పిన ప్రధాన యాజకుడు కాదు, వేరొకాయన) తన పదిమంది కొడుకుల్నీ పోగొట్టుకున్నవాడు. ఆయన జబ్బుపడిన స్నేహితుడి దగ్గరకు వెళ్లి, ఈ శ్రమలు నీకు ఇష్టమేనా అని అడిగాడు. అవీ వద్దు, వాటి ప్రతిఫలమూ వద్దు అన్నాడా స్నేహితుడు. మనమైతే వెంటనే అలా అనకూడదు బ్రదర్ అని వాక్యం తీస్తాం. యోహానాన్ అలా చేయలేదు. నీ చెయ్యి ఇటివ్వు అన్నాడు. చెయ్యి పట్టుకుని లేపాడు.

కాబట్టి అన్నలారా, అక్కలారా, ఈసారి చావు ఇంటికి వెళ్లేటప్పుడు వచనం వెతుక్కోకండి, క్యారేజీలో అన్నం పట్టుకెళ్లండి. యూదుల్లో మట్టి చేసి వచ్చాక ఆ ఇంటివాళ్లు మొదటి భోజనం సొంత ఇంటిది తినకూడదు, ఇరుగుపొరుగు తేవాలి. ఆ నియమం మనం తెచ్చుకుంటే ఏం నష్టం? వెళ్లాక కూర్చోండి. ప్రార్థన చేయమంటే చేయండి, చిన్నగా. దేవుని చిత్తం అనే మాట వాళ్ల నోటి నుంచి వస్తే రానివ్వండి, మీరు అనకండి. వాళ్లు దేవుని మీద కోపంగా మాట్లాడితే సరిదిద్దకండి, అంతకన్నా గట్టి మాటలు కోరహు కుమారులు అనేశారు. అలాగని ఆ కీర్తన తీసి అక్కడ చదవకండి, వాళ్లు అడిగితే తప్ప.