తడి ఆరకముందే తొందరెందుకు

“ఒక్క గాజు స్లైడ్ ఆరబెట్టడానికి ఇంతసేపా? పాడైతే మళ్ళీ తీద్దాం కదా” అని మొన్న మీటింగ్‌లో అందరి ముందూ మా ల్యాబ్ హెడ్ అనేసరికి మనసు చివుక్కుమంది. ఆవిడ మంచి మనిషే, కోపంతో అన్న మాటా కాదు. అయినా ఆ “మళ్ళీ తీద్దాం” నాకు ఇప్పటికీ మింగుడు పడటం లేదు.

మేం చేసేది మాల్డి ఇమేజింగ్, అంటే కణజాలంలో ఏ అణువు ఎక్కడుందో లేజర్‌తో బొమ్మ తీయడం. గడ్డకట్టిన కణజాలాన్ని క్రయోస్టాట్ అనే అతిచల్లటి కోత యంత్రంలో 10 మైక్రాన్ల పొరలుగా కోసి, స్లైడ్‌కి అతికించి, పైన మ్యాట్రిక్స్ అనే, లేజర్ శక్తిని పీల్చుకుని అణువుల్ని పైకి లేపే రసాయనాన్ని స్ప్రే చేస్తాం. లేజర్ చుక్క చుక్కనీ తాకుతూ పోతే, ప్రతి చుక్కకీ ఒక స్పెక్ట్రమ్, అంటే అక్కడి అణువుల బరువులు చూపే గ్రాఫ్, వస్తుంది. ఏ అణువు ఎక్కడ ఎంత ఉందో, దానికి రంగు పూయకుండానే, యాంటీబాడీ అక్కర్లేకుండానే తెలుస్తుంది. 1997లో శాస్త్రవేత్త రిచర్డ్ కాప్రియోలి బృందం చూపించిన దారి ఇది.

ఆ “ఎక్కడ” అన్నదే పోతే ఇక ఈ పనికి అర్థమేముంది? మైనస్ 80 డిగ్రీల నుంచి తీసిన స్లైడ్‌ని నేరుగా గదిలో పెడితే గాలిలోని తేమ దానిమీద సన్నగా పేరుకుంటుంది. గ్లూటమేట్‌లాంటి నీళ్లలో కరిగే అణువులు ఆ తడిలో పక్కకి పాకుతాయి. కణజాలం అంచు దాటి ఉత్త గాజు మీద సిగ్నల్ కనిపిస్తే దొరికిపోతుంది. లోపల్లోపలే జరిగితే మాత్రం ఎవరికీ అనుమానం రాదు, బొమ్మ శుభ్రంగానే ఉంటుంది. మ్యాట్రిక్స్ స్ప్రేదీ అదే గొడవ. తడి ఎక్కువైతే అణువులు చెదురుతాయి, మరీ పొడిగా పడితే కణజాలం నుంచి అసలు బయటికే రావు. పలచగా కొట్టి, ఆరనిచ్చి, మళ్ళీ కొట్టాలి.

ఇక్కడికి రాకముందు, మన దేశంలో పనిచేసినప్పుడు, మెషిన్ వేరే సంస్థలో ఉండేది. స్లాట్ దొరికిన రోజు స్లైడ్ పాడైతే మళ్ళీ క్యూలో చివరికే. చెయ్యి అలా కుదురుకుంది. లేమివల్ల వచ్చిన అలవాటని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. ఇక్కడ మెషిన్ పక్క గదిలోనే ఉంది, నిజమే. కానీ బయాప్సీ ముక్క పక్క గదిలో లేదు కదా! తీసిన ప్రతిసారీ అది తరిగిపోతుంది.

ఇక్కడివాళ్లకి శ్రద్ధ లేదని అనను. బ్లాక్‌ని నిలబెట్టే ఓసీటీ జిగురుని కోసే ముఖానికి తగలనివ్వరు, దానిలోని పాలిమర్ల సిగ్నల్ అసలు సిగ్నల్‌ని కప్పేస్తుందని. అంత పట్టింపు ఉన్నవాళ్లు తడి దగ్గర ఎందుకు తొందరపడతారో నాకు అర్థం కాదు.

వచ్చే వారం పక్కపక్క పొరలు రెండు తీసి, ఒకటి గాలీ తేమా లాగేసే డబ్బాలో, అంటే వాక్యూమ్ డెసికేటర్‌లో, ఆరబెట్టి, రెండోది నేరుగా బయటపెట్టి, ఒకే రన్‌లో పెడుతున్నాను. ఎలుక మెదడువే, బయాప్సీవి కాదు. ఆ రెండు బొమ్మలూ మీటింగ్‌లో ఆవిడ ముందు పెడతాను.