పాప్‌టాప్ వ్యాన్‌లో పై బెర్తు: వేయడం, పడుకోవడం, మూయడం – నా అనుభవం

ఫోర్స్ ట్రావెలర్ 3050 కప్పు కోయించి పాప్‌టాప్ (అంటే కాన్వాసు గోడలతో పైకి లేచే కప్పు) పెట్టించుకున్నాక పై బెర్తు గురించి నేర్చుకున్నదంతా కొలతలతో సహా రాస్తున్నాను. 3050 అంటే ముందు ఇరుసుకూ వెనక ఇరుసుకూ మధ్య దూరం, మిల్లీమీటర్లలో. మా కప్పుకు కీళ్లు వెనకవైపు ఉన్నాయి, ముందువైపు పైకి లేస్తుంది. మీది ముందు కీళ్ల కప్పయితే నేను ముందు, వెనక అన్నచోటల్లా తిప్పి చదువుకోండి.

రైల్లో పై బెర్తు ఎక్కడం అలవాటున్న వాళ్లం కాబట్టి ఇదీ అంతే అనుకుంటాం. రైలు బెర్తును ఇనుప గోడ మోస్తుంది. ఇక్కడ చుట్టూ ఉన్నది కాన్వాసు గుడ్డ, అది బరువేమీ మోయదు. మనిషి బరువంతా రెండు పక్కల పట్టాల మీద, వాటికి వేసిన బోల్టుల మీద పడుతుంది. కప్పును గ్యాస్ స్ట్రట్లు, అంటే కారు డిక్కీని లేపి నిలబెట్టే వాయువు కడ్డీలు, మోస్తాయి. ఈ రెండు బరువుల లెక్క తేలకుండా పరుపు కొనడానికి వెళ్లకండి.

కప్పు కోయించే ముందు రవాణా శాఖ కార్యాలయంలో మాట్లాడడం మొదటి పని. మోటారు వాహనాల చట్టం 1988లోని 52వ సెక్షన్ ప్రకారం, రిజిస్ట్రేషన్ కాగితంలోని వివరాలు తయారీదారు ఇచ్చిన అసలు వివరాలతో తేడా పడేలా బండిని మార్చకూడదు. కారవాన్లకు, అంటే పడుకునే ఏర్పాటున్న ఇలాంటి బండ్లకు, ఏఐఎస్-124 అని విడిగా ప్రమాణం ఉంది. దాని గురించి అడిగితే తడబడే షెడ్డులో కప్పు కోయించవద్దు. కప్పు కింద అడ్డంగా ఉండే ఇనుప పక్కటెముకలే బండి పైభాగాన్ని బిగించి ఉంచుతాయి. వాటిని కోసేస్తే కోసిన అంచు చుట్టూ తిరిగి ఇనుప చట్రం రావాలి. చట్రం బలహీనంగా ఉంటే ఘాట్ రోడ్డు మలుపుల్లో బండి ఒళ్లు మెలితిరిగి స్లైడింగ్ తలుపు పట్టేస్తుంది.

బెర్తు కొలత 1,850 × 1,150 మి.మీ. ఇద్దరికి ఇరుకే, కానీ చాలుతుంది. దాన్ని రెండు ముక్కలు చేశాం. వెనక 1,200 మి.మీ. ముక్క కదలదు, ముందు 650 మి.మీ. ముక్క కీలు మీద వెనక్కి మడుచుకుంటుంది. దాన్ని మడిస్తే కింద నిలబడి వంట చేసుకోవచ్చు. రెండూ 12 మి.మీ. మందం మెరైన్ ప్లైవుడ్, ఐఎస్ 710 ముద్ర ఉన్నది. మామూలు ప్లైవుడ్ వేస్తే రెండు వానాకాలాలకు అంచులు ఉబ్బి పొరలు విడిపోతాయి. చెక్క కింద అడ్డంగా ప్రతి 300 మి.మీ.కు ఒక 25 × 25 అల్యూమినియం చదరపు పైపు. చెక్క నిండా 150 మి.మీ. ఎడంతో 25 మి.మీ. రంధ్రాలు. అవి ఎందుకో కింద చెబుతాను.

మనుషులు పడుకునే ముందు బియ్యం మూటలతో పరీక్ష చేయాలి. మా బెర్తు పరిమితి 150 కిలోలు. దానికి ఒకటిన్నర రెట్లు, అంటే 25 కిలోల మూటలు తొమ్మిది, సమంగా పరిచి రాత్రంతా వదిలేశాం. చెక్క కింద అంచు నుంచి అంచుకు దారం బిగించి కట్టి, మధ్యలో ఎంత దిగిందో స్కేలుతో కొలిచాం. 5 మి.మీ. లోపు దిగితే భయం లేదు. 10 దాటితే ఇంకో పైపు వేయాలి. మూటలు తీసిన తరువాత చెక్క మళ్లీ దారానికి దగ్గరగా రావాలి. రాలేదంటే పైపు వంగిపోయిందని అర్థం. ఈ పరీక్షలో మాకు కుడివైపు పట్టా బోల్టు ఒకటి వదులైంది. వాషరు చిన్నది కావడం వల్ల రేకులోకి దిగబడింది. రేకు వెనక 3 మి.మీ. మందం పట్టీ పెట్టి, వదులుకాని నైలాక్ నట్టు వేశాక మళ్లీ కదల్లేదు.

ఎక్కేటప్పుడు మడత ముక్క అంచు మీద మోకాలు ఆనించడం అందరూ చేసే తప్పు. 70 కిలోల మనిషి బరువు అరచేయంత చోట పడుతుంది, కీలు స్క్రూలు అక్కడే ఊడతాయి. పట్టాకు కొక్కేలతో తగిలించే నిచ్చెన పెట్టుకోండి. సీటు తలగడ మీద కాలు పెట్టి ఎక్కవద్దు. పైకి వచ్చాక మొదట కూర్చుని, తరువాత వెనక్కి జరగాలి. తల ముందువైపు, కాళ్లు కీళ్ల వైపు. మాకు తల దగ్గర 900 మి.మీ. ఎత్తు, కాళ్ల దగ్గర 300 మాత్రమే. తిప్పి పడుకుంటే నిద్రలో లేవబోయి నుదురు కొట్టుకుంటుంది.

ఇక స్ట్రట్లు. మా కప్పు 55 కిలోలు, పొడవు 2.4 మీటర్లు. కీళ్ల నుంచి 0.6 మీటర్ల దూరంలో రెండు పక్కలా 600 న్యూటన్ల స్ట్రట్లు ఉన్నాయి. మూసి ఉన్నప్పుడు స్ట్రట్ ఏటవాలుగా పడుకుని ఉంటుంది కనుక మొదట పది కిలోల బలంతో నెట్టాలి, సగం దాటాక అదే లేస్తుంది. లోపలి వాయువుకు ఎండ తగిలితే బలం పెరుగుతుంది. ప్రతి 10 డిగ్రీలకు సుమారు మూడున్నర శాతం. మే నెలలో తిరుపతిలో మధ్యాహ్నం తెరిస్తే కప్పు విసురుగా లేస్తుంది, మూయడానికి ఇద్దరు వేలాడాలి. అదే బండిని మదనపల్లె దగ్గర హార్స్‌లీ హిల్స్ మీద, 1,200 మీటర్లు దాటిన ఎత్తులో, డిసెంబరు తెల్లవారుజామున చూస్తే కప్పు బద్ధకంగా ఉంటుంది. పాతబడి పదో వంతు బలం పోయిన స్ట్రట్లయితే ఆ చలికి కప్పు మెల్లగా మీదికి దిగుతుంది. అందుకే రెండు అల్యూమినియం ఊతలు చేయించి, తెరిచిన ప్రతిసారీ రెండు పక్కలా నిలబెడతాం. స్ట్రట్లు కొత్తవైనా ఊతలు మానకండి. బిగించేటప్పుడు, కప్పు మూసి ఉన్న స్థితిలో సన్న కడ్డీ కిందివైపు ఉండేలా చూడండి. లోపలి నూనె సీలు మీద నిలిచి దాన్ని ఎండిపోనివ్వదు. తలకిందులుగా వేసిన స్ట్రట్ త్వరగా వాయువు వదిలేస్తుంది.

కప్పు ఎత్తేటప్పుడు స్లైడింగ్ తలుపు తీసి ఉంచాలి. అన్నీ మూసి ఎత్తితే లోపల గాలి చాలక కాన్వాసు లోపలికి పీల్చుకుని జిప్పుల మీద లాగుడు పడుతుంది. మూసేటప్పుడు దీనికి వ్యతిరేకం, గాలి బయటికి పోయే దారి లేక గుడ్డ బయటికి ఉబ్బి కప్పు అంచు కింద నలుగుతుంది. కాన్వాసు చిరుగులు ఎక్కువగా ఇలా వచ్చినవే.

బండి నిలిపే చోటు సమంగా ఉండాలి. మేస్త్రీల రసమట్టం ఒకటి బెర్తు చెక్క మీద పెట్టి చూస్తాం. తలవైపు కాస్త ఎత్తున్నా ఫరవాలేదు, పక్కవాలు మాత్రం పనికిరాదు. మూడు డిగ్రీల పక్కవాలుకే ఇద్దరూ ఒకవైపు దొర్లుతారు, బరువంతా ఒక పట్టా మీద పడుతుంది. పల్లం వైపు చక్రం కింద చెక్క పలక వేసి ఎక్కించండి. తరువాత హ్యాండ్‌బ్రేకు, గేరు, చక్రాలకు అడ్డు. మూడూ కావాలి. పైన మనిషి పక్కకు తిరిగినప్పుడల్లా బండి ఊగుతుంది.

పరుపు మందం మనకు నచ్చినంత పెట్టుకునేది కాదు. కప్పు మూసినప్పుడు చెక్కకూ కప్పు లోపలి పొరకూ మధ్య మాకు 110 మి.మీ. ఉంది. అందులో మడతపడిన కాన్వాసు కూడా పట్టాలి. 50 మి.మీ. ఫోమ్, 40 డెన్సిటీ (ఘనపు మీటరుకు 40 కిలోలు), దాని కింద 12 మి.మీ. కొబ్బరి పీచు చాప. 32 డెన్సిటీ వేస్తే తుంటి ఎముక చెక్కకు తగులుతుంది. పక్కల 60 మి.మీ. చొప్పున పరుపును తగ్గించి కోయించాం, గుడ్డ మడతలు ఆ సందులో కూర్చుంటాయి. దిండ్లు, దుప్పట్లు పైన వదలకూడదు. అవి ఉంటే గడియ బలవంతంగా పడుతుంది, ఆ ఒత్తిడి రోజంతా కీళ్ల మీద ఉంటుంది. పీచు చాప, చెక్కలో రంధ్రాలు తేమ కోసం. నిద్రలో ఒంటి వేడికి వచ్చిన ఆవిరి ఫోమ్‌లోంచి దిగి చల్లటి చెక్కకు తగిలి నీరవుతుంది. గాలి ఆడకపోతే నెలలోపే పరుపు అడుగున నల్లటి బూజు మచ్చలు వస్తాయి. చలిగా ఉన్నా రెండు జాలీ కిటికీలు నాలుగు వేళ్లంత తెరిచి పడుకోండి.

ఎండాకాలంలో వేడి పైనుంచి వస్తుంది. ఫైబర్ కప్పు పగలు తాగిన ఎండను రాత్రి పది దాకా కక్కుతూ ఉంటుంది. కప్పు లోపలివైపు 10 మి.మీ. రేకు పూత ఫోమ్ అంటించాక తేడా బాగా తెలిసింది. సాయంత్రం ఆరుకే కప్పు లేపి, మూడు కిటికీల జాలీలు తెరిచి వేడి పోనివ్వాలి. 12 వోల్టుల చిన్న ఫ్యాను పది వాట్లు తీసుకుంటుంది. ఎనిమిది గంటలకు 80 వాట్-అవర్లు, అంటే సుమారు 7 ఆంపియర్-అవర్లు. బండి స్టార్టింగు బ్యాటరీ మీద కాక విడి బ్యాటరీ మీద నడపండి. దోమల చక్రం మాత్రం లోపల వెలిగించవద్దు. చుట్టూ గుడ్డ, కింద ఫోమ్. దోమలకు జాలీ జిప్పు సరిగా వేసుకోవడమే మందు.

చెట్టు నీడ చూసి నిలిపేటప్పుడు ఏ చెట్టో కూడా చూడాలి. మన తిరుపతి, మదనపల్లె వైపు మామిడి తోటలకు కొదవలేదు. పూత మీద తేనెమంచు పురుగు వాలిన చెట్టు కింద నిలిపితే తెల్లారేసరికి కప్పు, కాన్వాసు జిగటగా ఉంటాయి. అది ఉండిపోతే దాని మీద నల్లబూజు పడుతుంది. ఆ రోజే ఉత్త నీళ్లతో, మెత్తటి బ్రష్‌తో కడగండి. సబ్బుపొడి వాడితే కాన్వాసుకున్న నీరు పట్టని పూత పోతుంది. కొమ్మ కప్పును తాకుతుంటే ఎర్ర చీమలు దాని మీదుగా దిగుతాయి. తలకోనలో కోతులున్నాయి. పండ్లు, బిస్కెట్లు పైన పెడితే వాసనకు జాలీ చింపేస్తాయి. బండి వదిలి జలపాతం వైపు నడిచే ముందు కప్పు మూసేయాలి.

ఏప్రిల్, మే నెలల్లో మామిడి జల్లులు ఉరుములతో, ఈదురుగాలితో వస్తాయి. పెద్ద కొమ్మలు ఊగి గొడుగు పట్టుకోవడం కష్టమైందంటే గాలి గంటకు 40 కిలోమీటర్లకు చేరిందన్నమాట. ఆలోచించకుండా దిగి కప్పు మూయండి. అంతకంటే తక్కువ గాలికి బండి వెనకభాగం, అంటే కప్పు తగ్గువైపు, గాలికి ఎదురుగా ఉండేలా నిలిపితే సరిపోతుంది. పిడుగులు పడుతుంటే పైన ఉండవద్దు. రేకు బండి లోపల ఉన్న రక్షణ ఫైబర్ కప్పు, గుడ్డ గోడల మధ్య లేదు.

కాన్వాసు కుట్టు గురించి ఒక్క మాట. సీటు కవర్లు కుట్టే చోట కుట్టించిన మా మొదటి గుడ్డ తొలి వానకే కారింది. కుట్టు మడత పైకి తిరిగి ఉండడంతో నీళ్లు అందులో నిలిచాయి. పెంకు మీద పెంకు కప్పినట్టు పై ముక్క అంచు కింది ముక్క మీదికి రావాలి. నూలు కలిసిన దారంతో కుట్టిన కొత్త నూలు కాన్వాసునైతే రెండు మూడుసార్లు పూర్తిగా తడిపి ఆరబెట్టాలి. దారం ఉబ్బి సూది రంధ్రాలు పూడతాయి. వాన పడుతున్నప్పుడు లోపలివైపు పరుపు గాని, భుజం గాని గుడ్డకు ఆనకూడదు, ఆనిన చోట చెమ్మ లోపలికి వస్తుంది.

మూసే పనికి పది నిమిషాలు కేటాయించండి, తొందరపడితే నష్టం ఇక్కడే. ముందు పరుపు మీది వస్తువులు తీసి, ఊతలు ఇంకా ఉండగానే జిప్పులన్నీ వేసి, గుడ్డ నడుము చుట్టూ ఎలాస్టిక్ తాడు తగిలించాలి. ఆ తాడే గుడ్డను లోపలికి లాగుతుంది. తలుపు తీసి, ఊతలు తీసి, కప్పుకున్న లాగుడు పట్టీ పట్టుకుని దాన్ని సగానికి దించి ఒకరు ఆపితే, రెండోవారు గుడ్డ మడతలను చేత్తో లోపలికి నెట్టాలి. పూర్తిగా దించే ముందు బయటికి వెళ్లి నాలుగు పక్కలా చూడండి. ఎక్కడైనా గుడ్డ అంచు బయట కనిపిస్తే మళ్లీ ఒక జానెడు లేపి సర్దాలి.

నైరుతితో పాటు ఈశాన్య రుతుపవనాల వానలూ మన వైపు పడతాయి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తడిసిన గుడ్డను మూయక తప్పని రోజులు వస్తాయి. అప్పుడు పరుపు మీద ప్లాస్టిక్ పట్ట పరిచి మూయండి. ఇల్లు చేరాక ఒక రోజు దాటనివ్వకుండా తెరవాలి. ఎండ లేకపోతే షెడ్డు కింద ఫ్యాను పెట్టి ఆరబెట్టండి, ముఖ్యంగా కింది అంచు మడతలను. బూజు మచ్చ ఒకసారి నూలులోకి దిగితే పోదు.

గడియలు రెండూ పడ్డాక కప్పు ముందు అంచును రెండు చేతులతో పైకి లాగి చూస్తాను. రబ్బరు బీడింగు చుట్టూ సందు సమంగా ఉండాలి. ఒకే గడియ పడి బయలుదేరితే హైవే మీద ఎదురుగాలి కప్పు కిందికి దూరుతుంది. మూసిన బండి ఎత్తు టేపుతో కొలిచి డ్యాష్‌బోర్డు మీద అంటించుకోండి, రైల్వే అండర్‌బ్రిడ్జిల ముందు ఎత్తు కడ్డీ చూసినప్పుడు అంచనాలు వేయనక్కర్లేదు. కప్పు తెరిచి ఉన్నంతసేపూ స్టీరింగుకు ఎర్ర గుడ్డ కట్టి ఉంచుతాం. బండి కదులుతుండగా పైన ఎవరూ ఉండరు, పిల్లలు బతిమాలినా సరే. రాత్రి పిల్లలు పడుకుంటే తెరిచిన పక్కకు వల కడతాం, వల కొక్కేలు చెక్కకు కాకుండా పట్టాకు ఉంటాయి.

మూడు నెలలకోసారి జిప్పుల మీద కొవ్వొత్తి రుద్ది, కీళ్లకు సిలికాన్ స్ప్రే కొట్టి, పట్టా బోల్టులన్నీ స్పానరుతో తడుముతాను. స్ట్రట్ కడ్డీ మీద నూనె తడి కనిపిస్తే ఆ జత రెండూ ఒకేసారి మారుస్తాను. ఒకటి కొత్తది, ఒకటి పాతది అయితే కప్పు మెలితిరిగి లేస్తుంది.