పాలు కూడా ప్రోటీనే కదా!

మా క్యాంపస్‌లో రీసెర్చ్ స్కాలర్ల మధ్య పలకరింపులు రెండే. ఒకటి "పడిందా?", రెండోది "వచ్చిందా?". మొదటిది ఫెలోషిప్ గురించి, రెండోది రిజల్టు గురించి. ఏది అని ఎవరూ ఎదురు అడగరు. "పడిందా?" అన్నప్పుడు అవతలి మనిషి తల అడ్డంగా ఊపితే ఆ పూట టీ డబ్బులు అడిగినవాళ్ళవి. 2023 జనవరి నుంచి మొదటి రెండేళ్ళకి ఇచ్చే జూనియర్ ఫెలోషిప్ జేఆర్‌ఎఫ్ నెలకి 37,000 రూపాయలు, ఆ తర్వాత ఇచ్చే సీనియర్ ఫెలోషిప్ ఎస్‌ఆర్‌ఎఫ్ 42,000 అయ్యాయి. ఆ అంకె చెప్తే మా ఊళ్ళో "ఇంకేం, బానే ఉందిగా" అంటారు. బానే ఉంది. కాకపోతే ఒకటో తారీఖున ఠంచనుగా పడుతుందని వాళ్ళు అనుకుంటారు. నేనూ వాళ్ళ భ్రమ చెడగొట్టను.

"వచ్చిందా?" సంగతి వేరు. నా పీహెచ్‌డీలో సగం వెస్టర్న్ బ్లాట్లే. కణాల్లో ఫలానా ప్రోటీన్ ఉందా, ఉంటే ఎంత ఉంది అని చూసే పద్ధతి అది. రెండు రోజులు తంటాలు పడితే చివర్లో సన్నటి నల్లగీత ఒకటి కనిపించాలి. దాన్ని బ్యాండ్ అంటాం. ఒకసారి సంక్రాంతికి ఇంట్లో ఉండగా జూనియర్ ఫోన్ చేసింది. "బ్యాండ్ రాలేదా? అస్సలా? సరే వదిలెయ్, సోమవారం నేనొచ్చాక మళ్ళీ చూద్దాం" అని పెట్టేశాను. అమ్మ అరిసెల పిండి కలుపుతూనే, "ఎవరి పెళ్ళే? మేళం వాళ్ళకి అడ్వాన్సు ఇచ్చారా అసలు?" అంది. నాలుగేళ్ళుగా నా చదువు గురించి అమ్మ అడిగిన ప్రశ్నల్లో అన్నిటికంటే పనికొచ్చేది అదే.

మేం కూర్చునే చోటు సైన్స్ బిల్డింగుల వెనక, ఒక చింతచెట్టు కింద. టీ కొట్టు బండి, నాలుగు ప్లాస్టిక్ స్టూళ్ళు. అవి చాలకపోతే బండలున్నాయి. హైదరాబాద్ గ్రానైటు వయసు దాదాపు 250 కోట్ల సంవత్సరాలు. నాలుగో ఏడాది దాటిన పీహెచ్‌డీ మనిషికి అంతకంటే ఊరటనిచ్చే అంకె నాకు తెలీదు.

జట్టులో పేర్లు అనవసరం. ఫిజిక్స్ అన్న శ్రీకాకుళం వాడు, లోహాలని విపరీతంగా చల్లబరిచి వాటిలో కరెంటు ఎలా పోతోందో కొలుస్తాడు. కెమిస్ట్రీ పిల్లది వరంగల్. మా ల్యాబ్ సీనియర్ అక్కది గుంటూరు. ఆమె మొదటి ఏడాది వీరగాథ మాకందరికీ కంఠతా వచ్చు: ప్రోటీన్లున్న జెల్లు, కరెంటు పెడితే అవి వెళ్ళి అంటుకోవాల్సిన పొర కలిపి శాండ్‌విచ్‌లా పేర్చేటప్పుడు తిరగేసి పెట్టిందట. ఆ జెల్లులో ప్రోటీన్లకి మైనస్ ఛార్జి ఉంటుంది కనక అవి ప్లస్ వైపు పరుగెత్తుతాయి. పొర ఉండాల్సింది ఆ వైపు. తిరగేస్తే మొత్తం సరుకు బఫర్ నీళ్ళలో కలిసిపోతుంది. ఆర్నెల్ల శాంపిల్స్ గంటన్నరలో గంగలో కలిశాయి. ఈ కథ ల్యాబ్ మీటింగులో ఎవరికీ తెలీదు, చింతచెట్టు కింద మాత్రం నెలకోసారి కోరి చెప్పించుకుంటాం. ఇంకొకామె బెంగాలీ. ఆమె వచ్చిందంటే మాటలన్నీ హిందీలోకి దొర్లుతాయి. నాలుగేళ్ళలో ఆమె నేర్చుకున్న తెలుగు మూడు మాటలు: పడిందా, వచ్చిందా, చాలు.

ఎవరి పని వాళ్ళు టీ కొట్టాయనకి అర్థమయ్యేట్టు చెప్పాలన్న మా ఆట మొదలైంది 2023 జులై ఆఖర్లో. దక్షిణ కొరియా వాళ్ళు ఎల్‌కే-99 అనే పదార్థం మామూలు గది వేడి దగ్గరే అతివాహకమైపోతుందని ప్రకటించిన రోజులు. చిన్న నల్లటి పెంకు ఒకటి అయస్కాంతం మీద ఒక మూల ఆని, ఇంకో మూల గాల్లో లేచి ఉన్న వీడియో ఫోన్లలో తిరిగింది. ఫిజిక్స్ అన్న మొహం పెళ్ళికొడుకు మొహంలా వెలిగిపోతోంది. మాకేమో ఆ గొడవ ఏమిటో తెలీదు. టీ కొట్టాయన కూడా, "ఏందన్నా, లాటరీ తగిలిందా?" అన్నాడు. అప్పుడు అన్న ఆయనకే చెప్పడం మొదలుపెట్టాడు. "మీ ఊరి కరెంటు తీగలో సగం దారిలో కొంత వేడైపోయి తగలడతాది కదా. అలా ఇసుమంత కూడా పోకుండా వెళ్ళిపోయే తీగ ఉందనుకో." 1911లోనే హాలండులో కామర్లింగ్ ఓనెస్ పాదరసాన్ని మైనస్ 269 డిగ్రీల దాకా చల్లబరిస్తే నిరోధం మాయమైందని, అప్పట్నుంచీ అందరి కలా ఆ చలి లేకుండా అదే పని చేయించడమని చెప్పాడు. ఆయన గ్లాసులు కడుగుతూ విని, "అయితే ఫ్రిజ్జు లేకుండా ఐసు కావాలంటారు" అన్నాడు. దానికి అన్న కాసేపు మాట్లాడలేదు.

రెండు వారాల్లో ఆ మోజు తీరిపోయింది. ఢిల్లీలో నేషనల్ ఫిజికల్ లేబొరేటరీ వాళ్ళు కూడా ఆ పదార్థం తయారుచేసి చూశారు, అతివాహకత కనబడలేదు. అందులో మలినంగా మిగిలిన రాగి సల్ఫైడు 104 డిగ్రీల దగ్గర రూపం మార్చుకుంటుందని, నిరోధం ఢమాల్న పడిపోయినట్టు కనిపించింది అందుకేనని ఆగస్టు సగానికి తేలింది. "మీ ల్యాబుల్లో కాంటామినేషన్ అంటారే, మాకూ అదేనమ్మా" అన్నాడు అన్న నీరసంగా.

ఆట మాత్రం మిగిలింది. రూలు: నీ పని నువ్వు చెప్పేటప్పుడు టీ కొట్టాయనకి తెలియని ఇంగ్లిష్ మాట దొర్లితే ఆ రోజు అందరి టీలూ నీవే. అంపైరు ఆయనే. ఆయన ఒప్పుకునే మాటల జాబితా విచిత్రంగా ఉంటుంది. వోల్టేజి పాస్. ఇన్ఫెక్షన్ పాస్. జిమ్ముకెళ్ళే కుర్రాళ్ళ పుణ్యమా అని ప్రోటీన్ పాస్. కరోనా తర్వాత యాంటీబాడీ, ఆర్‌టీపీసీఆర్ కూడా పాసే. 2019లో గనక ఈ ఆట ఆడి ఉంటే నేను దివాలా తీసేదాన్ని.

పదో తరగతి దాకా నాది తెలుగు మీడియం. కాబట్టి ఈ ఆటలో నేనే రాణిని అనుకున్నాను. మైటోసిస్ అన్న మాట వినకముందే నాకు సమవిభజన తెలుసు. ఒకరోజు ధీమాగా "కణాలు క్షయకరణ విభజన చెందినప్పుడు" అన్నాను. అంపైరు చెయ్యెత్తాడు. "ఇది ఇంగ్లిష్ కాదు, తెలుగే" అన్నాను. "నాకు అర్థం కాలేదమ్మా. అదీ ఇంగ్లిషే" అన్నాడు. డెబ్బై ఐదు రూపాయలు వదిలాయి.

ఇక అసలు సంగతి. కిందటేడు మూడు వారాల పాటు నా బ్లాట్లన్నీ నల్లగా మసిబారి వచ్చాయి. గీత కనబడాల్సిన చోటే కాదు, పొర నిండా మసి. ల్యాబ్ మీటింగులో స్లైడు పెట్టి, "నాన్‌స్పెసిఫిక్ బ్యాక్‌గ్రౌండ్ ఉంది, కండిషన్స్ ఆప్టిమైజ్ చేస్తున్నాను" అని ఇంగ్లిష్‌లో అన్నాను. అందరూ తలూపారు. ఆ వాక్యానికి అర్థం "ఎందుకొస్తోందో నాకు తెలీదు" అని. నాకు తెలుసు, తలూపినవాళ్ళకీ తెలుసు. ఇంగ్లిష్‌లో అది పని జరుగుతున్నట్టే వినిపిస్తుంది.

సాయంత్రం చెట్టు కింద నా వంతు వచ్చింది. వెస్టర్న్ అంటే పడమర కదా, బ్లాట్‌కి దిక్కేమిటని అన్న ముందే అడ్డం పడ్డాడు. అదో పాత జోకు. 1975లో ఎడ్విన్ సదరన్ అనే ఆయన డీఎన్‌ఏకి ఈ పద్ధతి కనిపెడితే ఆయన ఇంటిపేరుతో సదరన్ బ్లాట్ అన్నారు. తర్వాత ఆర్‌ఎన్‌ఏకి చేసినవాళ్ళు సరదాకి నార్తర్న్ అన్నారు. ప్రోటీన్లవాళ్ళు మేం మాత్రం తక్కువా అని వెస్టర్న్ అన్నారు. ఒక్క దక్షిణమే మనిషి పేరు, తక్కినవి వెటకారం.

తర్వాత నా పని చెప్పాను. ఒక ప్రోటీన్ ఉంది, కణానికి బయట్నుంచి కబురు అందగానే దానికి ఫాస్ఫేటు తగులుతుంది. "బొట్టు పెట్టినట్టు అనుకోండి. బొట్టు ఉంటే పని మొదలైనట్టు, లేకపోతే ఖాళీగా కూర్చున్నట్టు. నా యాంటీబాడీ బొట్టున్న ప్రోటీన్‌నే పట్టుకోవాలి, అది పట్టుకున్న చోటే నల్లగీత వస్తుంది." అంపైరు తలూపాడు. "ప్రోటీన్లని ఒక పొర మీదకి ఎక్కిస్తాం. పొరలో ఖాళీలుంటాయి, యాంటీబాడీ పోయి ఆ ఖాళీల్లో అతుక్కుంటే అంతా నల్లగా వస్తుంది. అందుకని ముందే పాలపొడి నీళ్ళలో కలిపి గంటసేపు పొరని నానబెడతాం. పాలు ఖాళీలన్నీ పూడ్చేస్తాయి." మా ల్యాబ్‌లోకి కిరాణా కొట్టు నుంచి వచ్చే ఏకైక రసాయనం ఆ పాలపొడి. వంద మిల్లీలీటర్లకి ఐదు గ్రాములు. టీ కొట్టాయనకి ఇది బాగా నచ్చింది, ఏ కంపెనీది వాడతామో అడిగాడు.

అన్న గ్లాసు పక్కన పెట్టి అడిగాడు. "అదేటమ్మా, పాలు కూడా ప్రోటీనే కదా. మరి నీ యాంటీబాడీ పాలనెందుకు పట్టుకోదు?"

"ఎందుకంటే పాల ప్రోటీన్‌కి బొట్టు ఉండదు..." అనబోయి ఆగిపోయాను. ఉంటుంది. ఆవు పాల ప్రోటీన్లలో దాదాపు 80 శాతం కేసిన్. కేసిన్ అంటేనే ఫాస్ఫేటు తగిలించుకున్న ప్రోటీన్. కాల్షియాన్ని పట్టి ఉంచేది ఆ ఫాస్ఫేట్లతోనే. ఇది బీఎస్సీ రెండో ఏడాదిలో పరీక్షకి రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాను. అంటే మూడు వారాలుగా నేను పొర నిండా బొట్లు పెట్టి, బొట్టున్నవాళ్ళనే పట్టుకొమ్మని యాంటీబాడీని పంపుతున్నాను. మనవైపు బొట్టు పెట్టి పిలవడం అంటారు కదా, అచ్చంగా అదే చేశాను. పిలిచాక వచ్చి కూర్చోకుండా ఎందుకుంటుంది?

అక్క పగలబడి నవ్వి, "ఫాస్ఫో యాంటీబాడీకి పాలు వాడతారటే, బీఎస్‌ఏ కదా!" అంది. ఆవు రక్తంలోంచి తీసే ప్రోటీన్ అది, అందులో కేసిన్ ఉండదు. మూడు వారాలుగా పక్క బెంచీలోనే కూర్చుంది ఈ మహాతల్లి. నేను అడగలేదు, తను చూడలేదు. యాంటీబాడీతో వచ్చిన కాగితం రెండో పేజీలో కూడా ఆ ముక్క ఉందని రాత్రి వెళ్ళి చూశాను. నేను ఫాలో అయింది పాత సీనియర్ల నుంచి చేతులు మారుతూ వచ్చిన, పని వరుస రాసిన జిరాక్స్ ప్రోటోకాల్‌ని. వాళ్ళెవరూ ఫాస్ఫేట్ల జోలికి పోయినట్టు లేదు.

ఫాస్ఫేటు మాట రాగానే వరంగల్ పిల్ల అందుకుంది. వాళ్ళ ల్యాబ్‌లో ఫాస్ఫేటు కొలవడానికి మాలిబ్డేటు అనే రసాయనం కలిపి నీలిరంగు వచ్చేట్టు చేస్తారు. "గా పద్ధతి ఎవరిదో ఎరుకనా? సుబ్బారావుది. మన భీమవరం ఆయన." నిజమే, 1925లో ఫిస్క్, యల్లాప్రగడ సుబ్బారావు కలిసి ప్రచురించిన పద్ధతి అది. దాన్ని పట్టుకునే వాళ్ళు కండరాల్లో ఫాస్ఫోక్రియాటిన్ అనే పదార్థం ఉందని 1927లో చెప్పారు. నూరేళ్ళ తర్వాత కూడా ఒక వరంగల్ అమ్మాయి వారానికి రెండుసార్లు ఆ నీలిరంగు కోసం ఎదురుచూస్తోంది. ఫిజిక్స్ అన్నకి ఆయన పేరు తెలుసు గానీ మందులు కనిపెట్టినాయన అనే తెలుసు. ఎల్‌కే-99లో కూడా సీసం ఫాస్ఫేటే కదా అని చివరికి తన గాయం మళ్ళీ తనే కెలుక్కున్నాడు.

పాలు మానేసి బీఎస్‌ఏ వాడాను. మసి తగ్గింది, పూర్తిగా పోలేదు. తక్కిన మసికి కారణం యాంటీబాడీని పదిసార్లు ఫ్రీజర్‌లోంచి తీసి పెట్టడమేమోనని నా అనుమానం. కొత్త ట్యూబు వచ్చేసరికి నెలన్నర పట్టింది. అది వచ్చాక గీత కనిపించింది, కొంచెం వంకరగా. ఆ రోజు "వచ్చిందా?" అని ఎవరూ అడగలేదు. అందరూ అన్న థీసిస్ ఫార్మాటింగుకి సాయం చేస్తున్నారు.

అన్నకి అప్పుడు రీసెర్చ్ పేపరు టెన్షన్. థీసిస్ ఇవ్వడానికి ముందు తప్పనిసరిగా పేపరు అచ్చవ్వాలన్న షరతుని 2022 నిబంధనల్లో యూజీసీ తీసేసింది. దీని మీద చెట్టు కింద కనీసం ఇరవై సాయంత్రాలు ఖర్చయ్యాయి. మంచిదే, చెత్త జర్నళ్ళకి డబ్బు కట్టడం తగ్గుతుందని అక్క. "షరతు యూజీసీ తీసేసింది గానీ ఉద్యోగం ఇచ్చేవాడు తియ్యలేదు కదా" అని అన్న. నాకు ఇద్దరి మాటా నిజమే అనిపిస్తుంది, కానీ చెట్టు కింద అలా అనకూడదు, ఏదో ఒక పక్క నిలబడాలి. నేను అక్క పక్క.

ఈ మధ్య కొత్తగా చేరిన అమ్మాయికి ప్రోటోకాల్ ఇవ్వాల్సి వచ్చి ఆ పాత జిరాక్స్ బయటికి తీశాను. కొత్తది టైపు చేద్దామనుకుంటూనే బద్ధకించి, పొరలో ఖాళీలు పూడ్చే బ్లాకింగ్ దగ్గర పక్కన ఖాళీలో పెన్నుతో తెలుగులో రాశాను: "బొట్టున్న ప్రోటీన్‌కి పాలు వద్దు." బెంగాలీ ఆమె అదేమిటని అడిగింది, చెప్పాను. పెన్ను తీసుకుని కింద తన భాషలో ఇంకో వరుస రాసింది. కొత్తమ్మాయి కేరళ నుంచి వచ్చింది. ఆ కాగితాన్ని రెండు వైపులా తిప్పి చూసి, ఇందులో ఇంగ్లిష్‌లో ఉన్నది మాత్రం చేస్తే చాలా అని అడిగింది.