22 సెంటీమీటర్ల హెడ్డింగు

పదో తరగతి అయిన పిల్లలు కనబడితే హైదరాబాద్‌లో ఎవరైనా అడిగేది ఒక్కటే: "ఎంపీసీనా, బైపీసీనా?" 2019 ఎండాకాలంలో నేను "మీడియా" అన్నాను. మా పెద్దమ్మ కాసేపు ఆలోచించి, "అంటే మైకు పట్టుకుని ఎండలో తిరుగుతావా నాన్నా?" అంది. మా సెక్షన్‌లో సగం మంది అప్పటికే కాలేజీ హాస్టళ్లకు పెట్టెలు సర్దుకున్నారు. ప్లస్ టూకి మా స్కూల్లోనే ఉండిపోయి మాస్ మీడియా స్టడీస్ తీసుకున్నది పదకొండు మందిమి. సీబీఎస్ఈలో దాని కోడ్ 835. థియరీ 60 మార్కులు, ప్రాక్టికల్ 40. నిజం చెప్పాలంటే ఆ 40 చూసే చేరాను. తీరా ఆ 60కి పరీక్ష రాయనే లేదు. కరోనా వల్ల 2021 జూన్ 1న పన్నెండో తరగతి పరీక్షలు రద్దయ్యాయి కదా.

కెమెరా ఇస్తారని ఎదురుచూస్తుంటే మేడమ్ స్కేళ్లు తెచ్చుకోమన్నారు.

ఆ అక్టోబర్ 5న ఆర్టీసీ సమ్మె మొదలైంది. దసరా సెలవులు 19 దాకా పొడిగించారు. స్కూలు తెరవగానే మేడమ్ ఆ రెండు వారాల పేపర్లు, నాలుగు దినపత్రికలవి, తాళ్లతో కట్టిన కట్టలు బల్ల మీద పెట్టారు. సమ్మె వార్త ఏ పేజీలో వచ్చింది, ఎన్ని కాలమ్‌లు, ఎన్ని సెంటీమీటర్లు, ఫొటోలో ఉన్నది కండక్టరా, ప్రయాణికుడా, మంత్రా? కొలిచి పట్టిక గీయాలి. ఒకటి డిపో ముందు ధర్నాతో మొదలుపెడితే ఇంకొకటి బస్టాపుల్లో జనం పాట్లతో మొదలుపెట్టింది. రెండూ జరిగినవే. మెహిదీపట్నం నుంచి వచ్చే మావాడొకడు ఇంటికొచ్చే ఉర్దూ పేపరు పట్టుకొచ్చి, కుడి నుంచి ఎడమకి వేలు పెట్టి చదువుతూ అర్థం చెప్పాడు. చేతులకు అంటిన సిరా టిఫిన్ డబ్బాల మూతలకీ అంటింది.

గోలకొండ పత్రిక గురించి విన్నదీ ఆ గదిలోనే. 1926లో సురవరం ప్రతాపరెడ్డి గారు ఈ ఊళ్లోనే దాన్ని మొదలుపెట్టారు. తెలంగాణలో కవులు పూజ్యమని, అంటే సున్నా అని, ఎవరో రాస్తే, 1934లో 354 మంది కవులతో గోలకొండ కవుల సంచిక అచ్చువేసి చూపించారు. "తిట్టలేదురా, లెక్కపెట్టి చూపించాడు" అని మేడమ్ మురిసిపోయేవారు. సిలబస్‌లో ఇది ఉందో లేదో గానీ, నాకు గుర్తున్న పాఠం ఇదే.

ఇంత విన్నాక కూడా నేను చేసిన పని ఇది. మెట్ల కింద ఉండే వాల్ మ్యాగజైన్‌కి ఆ నెల ఎడిటర్ని నేనే. స్కూల్లో బోరు మోటారు కాలిపోయి రెండు రోజులు నీళ్లు రాలేదు. ఎర్ర స్కెచ్ పెన్నుతో "వాచ్‌మన్ నిద్ర.. మోటార్ బూడిద!" అని పెట్టాను. రెండు చుక్కలు, ఆశ్చర్యార్థకం, అన్నీ పేపర్లలో చూసి నేర్చినవే. కింద "విశ్వసనీయ వర్గాల భోగట్టా". ఆ వర్గాలు మా స్కూల్ బస్సులో వెనక సీటు తొమ్మిదో తరగతి కుర్రాడు.

మర్నాడు లంచ్ టైమ్‌లో వాచ్‌మన్ తాత క్లాసు గుమ్మం దగ్గరికి వచ్చాడు. ఆయనకు చదువు రాదు, ఆయమ్మ చదివి చెప్పిందట. స్టార్టర్‌లో నిప్పురవ్వలు వస్తున్నాయని ఆయన అంతకుముందు మూడుసార్లు చెప్పాడట, ఎవరూ పట్టించుకోలేదు. గొంతు పెంచలేదు. "నన్నొక్క మాట అడిగితే ఏం పోతుండె బిడ్డా? గేటు కాడనే ఉంట గద" అన్నాడు.

సవరణ రాశాను, మూడు లైన్లు, పొడుపు కథ కింద. మేడమ్ ఏమీ అనకుండా స్కేలు తీశారు. హెడ్డింగు 22 సెంటీమీటర్లు, సవరణ 4. స్కేలు నా చేతిలో పెట్టి వెళ్లిపోయారు.

మళ్లీ చార్టు కొని, అదే చోట, అదే ఎరుపులో, 22 సెంటీమీటర్లకు కొలిచి రాశాను: "మోటార్ కాలడంలో వాచ్‌మన్ తప్పు లేదు". ఆయన్ని పిలుచుకొచ్చి చదివి వినిపించాను. తల ఊపాడు. అక్షరాల మీద వేలు పెట్టి, "గిండ్ల నా పేరేడుంది?" అన్నాడు.

ఎవరు, ఏమిటి, ఎప్పుడు, ఎక్కడ, ఎందుకు, ఎలా అని నోట్సులో డబ్బాలు గీసుకున్నవాణ్ణి. ఆరో తరగతి నుంచి రోజూ ఆ గేటులోంచే వచ్చినవాణ్ణి. ఆయన పేరు నాకు తెలియదు. అడిగాను. ఇంటిపేరుతో సహా చెప్పాడు. (ఇక్కడ రాయడానికి ఆయన్ని అడగలేదు, లాక్‌డౌన్‌లో ఊరెళ్లిపోయాడు, అందుకే రాయలేదు.) "వాచ్‌మన్" అన్న మాట కొట్టేసి దాని పైన ఆ పేరు రాశాను. చోటు చాలక చివరి రెండక్షరాలు చార్టు అంచు దాటి గోడ మీదికి వెళ్లాయి.