వైట్ మెటల్ పేరుతో వచ్చిన దశావతారాలు: వేలంపాటలో నా అనుభవం

బ్రిటన్‌లో వేలంపాటల కేటలాగులు తిరగేసేవారికి ‘ఇండియన్ వైట్ మెటల్’ అనే మాట తరచూ తగులుతుంది. జర్మన్ సిల్వర్ లాంటిదేదో కాబోలు అనుకుని చాలామంది దాటేస్తారు. నిజానికి వాటిలో మంచి వెండి సామాను కూడా ఉంటుంది. పేరు అలా పెట్టడానికి కారణం చట్టం. 1973 నాటి హాల్‌మార్కింగ్ చట్టం ప్రకారం 7.78 గ్రాములు దాటిన వస్తువు మీద హాల్‌మార్కు లేకపోతే దాన్ని వెండి అని చెప్పి అమ్మకూడదు. 1950కి ముందు తయారైనవాటికి మినహాయింపు ఉంది గానీ, అంత పాతదని, వెండి నాణ్యమైనదేనని చూపించాల్సిన బాధ్యత అమ్మేవారిదే. మద్రాసులోనో కచ్‌లోనో చేసిన టీ సామాను మీద ఇంగ్లండ్ ముద్ర ఎందుకుంటుంది? ఎందుకొచ్చిన తంటా అని చాలా వేలం సంస్థలు వైట్ మెటల్ అని రాసి చేతులు దులుపుకుంటాయి. ఆ మాట కోసమే వెతకడం మొదలుపెట్టాక నా పని సులువైంది.

బర్మింగ్‌హామ్‌లో ఉండటం వల్లే నాకు ఈ పిచ్చి పట్టి ఉంటుంది. నగలు, వెండి పనివాళ్ల పేట జ్యువెలరీ క్వార్టర్ ఈ ఊళ్లోనే ఉంది. ఒకప్పుడు ఇక్కడ చేసిన వెండి సామానును ముద్ర కోసం చెస్టర్ దాకా బండ్ల మీద పంపేవారు. పోను రాను దారిలో సొట్టలు, గీతలు. మాథ్యూ బోల్టన్ అనే పెద్ద వ్యాపారి పార్లమెంటు చుట్టూ తిరిగి, లండన్ కంసాలులు అడ్డుపడుతున్నా పట్టు వదలకుండా, 1773లో ఇక్కడా షెఫీల్డ్‌లోనూ వెండిని పరీక్షించి ముద్ర వేసే కార్యాలయాలు సాధించాడు. సముద్రం ఛాయలకు కూడా లేని ఈ ఊరి ముద్ర లంగరు కావడం వెనక ఒక కథ చెబుతారు: లండన్‌లో ‘క్రౌన్ అండ్ యాంకర్’ అనే సత్రంలో మంతనాలు జరిగాయట, నాణెం ఎగరేసి కిరీటం షెఫీల్డ్‌కూ లంగరు బర్మింగ్‌హామ్‌కూ పంచుకున్నారట. నిజమో కాదో గానీ ఈ కథ విన్నవాళ్లు ఆ రెండు ముద్రలనూ మళ్లీ తికమక పడరు.

ముద్రలు చదవడం అనుకున్నంత కష్టం కాదు. నడుస్తున్న సింహం ఉంటే 92.5 శాతం వెండి. పక్కన ఊరి గుర్తు, ఏడాదిని తెలిపే అక్షరం, చేసినవారి పొడి అక్షరాలు. ఈపీఎన్ఎస్ అని ఉంటే మాత్రం అది జర్మన్ సిల్వర్ మీద వెండి పూత. పేరులో సిల్వర్ ఉన్నా ఆ లోహంలో ఉండేది రాగి, నికెల్, జింకు మాత్రమే. విద్యుత్తుతో ఆ పూత వేసే పద్ధతికి 1840లో పేటెంటు తీసుకున్న ఎల్కింగ్టన్‌లదీ ఈ ఊరే. అసలూ పూతా రెండూ ఇక్కడివే అన్నమాట.

ఈ చదువంతా ముద్ర లేని వస్తువు ముందు అక్కరకు రాదు. నాకు కావలసిందేమో సరిగ్గా అలాంటిదే. మద్రాసులో పంతొమ్మిదో శతాబ్దం చివర ‘స్వామి’ పని అని ఒక శైలి బాగా నడిచింది. ఇంగ్లీషు దొరల టీపాట్ల మీద, పళ్లేల మీద మన దేవుళ్లను నకిషీ పనిలో ఉబ్బెత్తుగా తీర్చేవారు. మౌంట్ రోడ్డులోని పి. ఓర్ అండ్ సన్స్ పేరు దీనికి ప్రసిద్ధి. వారి ముద్ర ఉన్న వస్తువుల జోలికి నా జీతంతో పోలేను. ముద్ర లేనిది ఎప్పుడైనా వస్తుందా అని కాచుకుని ఉన్నాను.

ఊరికి కాస్త దూరంలోని ఒక వేలం సంస్థ కేటలాగులో అది కనిపించింది. ‘ఇండియన్ వైట్ మెటల్ టీపాట్, దేవతా మూర్తులతో, నాగుపాము పిడి, సుమారు 20 ట్రాయ్ ఔన్సులు, అంచనా 200 నుంచి 300 పౌండ్లు’. ట్రాయ్ ఔన్సు అంటే 31.1 గ్రాములు, కాబట్టి మొత్తం 620 గ్రాముల పైమాటే. ఫొటో పెద్దది చేసి చూస్తే కడుపు చుట్టూ తోరణాల కింద వరసగా మూర్తులు. ఒకటి చేప నడుము, ఒకటి తాబేలు, తరువాత కోరల మీద భూమిని ఎత్తిన వరాహం. కేటలాగు రాసినవారికి అవి వట్టి దేవతా మూర్తులు. నాకు మాత్రం తిరుమల దారిలో బండ్ల మీద అమ్మే పటాల దగ్గర్నుంచీ తెలిసినవారే.

అదే వేలంలో ఎనామిల్ పని చేసిన ఆరు కాఫీ చెంచాలు కూడా ఉన్నాయి. సరే, రెంటినీ చూద్దామనుకున్నాను.

ముందుగా కండిషన్ రిపోర్టు, అంటే వస్తువు ఏ స్థితిలో ఉందో సంస్థ రాసిచ్చే వివరం, అడిగాను. ఈ సేవకు డబ్బు తీసుకోరు. కేటలాగులో పేరు చివర ‘ఏఎఫ్’ అని ఉంటే లోపాలతో సహా ఉన్నది ఉన్నట్టు అమ్ముతున్నామని సంకేతం. లేకపోతే లోపం లేనట్టేనని మాత్రం అనుకోకూడదు. టీపాట్ గురించి వచ్చిన జవాబు ఒక్క ముక్క: వయసుకు తగిన అరుగుదల. చెంచాల గురించి మరీ పొదుపు: బాగున్నాయి. ఇలాంటి జవాబు వస్తే ఫోనులోనో కంప్యూటర్లోనో పాట పాడటం మానేసి వెళ్లి చూడటమే మంచిది. అమ్మకానికి ముందు వస్తువులు చూసుకోవడానికి సమయం ఇస్తారు. నన్నడిగితే అసలు వేలం అక్కడే జరుగుతుంది. తరువాత సుత్తి దెబ్బ పడేది మన తలలో అప్పటికే ఖాయమైన ధర మీద.

వెళ్లేటప్పుడు నగల షాపులో వాడే పదింతల భూతద్దం, చిన్న టార్చి, అతినీలలోహిత కాంతి టార్చి తీసుకెళ్లాను. అద్దాల బీరువా తెరిచి టీపాట్ నా చేతికిచ్చిన పెద్దాయన ఈ సరంజామా చూసి నవ్వలేదు. చూడటానికి వచ్చే వ్యాపారులందరి జేబుల్లోనూ ఇవే ఉంటాయి.

మొదట నోటి ఆవిరి. పాత వెండి మీద ఊదితే ఆవిరి పొరలో అతుకుల జాడలు, ఎప్పుడో చెరిపేసిన పేర్ల ఆనవాళ్లు తేలతాయి. కొమ్ము మొదట్లో బఠాణీ గింజంత బూడిద రంగు మచ్చ కనిపించింది. ఎవరో సీసంతో మాటు వేశారు. పెద్ద లోపం కాదు గానీ ధరలో లెక్క వేసుకోవాలి. తరువాత టార్చి వెలిగించి కుండలో పెట్టి, పైన నా కోటు కప్పి, ఆ చీకట్లో తల దూర్చి చూశాను. నకిషీ పనిలో పైకి లేచిన చోట రేకు పలచగా ఉంటుంది. నూరేళ్లు తోమి తోమి ముక్కులు, మోకాళ్లు ముందు అరుగుతాయి. అనుకున్నట్టే వరాహస్వామి ముట్టె చివర సూదిమొనంత వెలుగు. కల్కి గుర్రం మోకాలి దగ్గర ఇంకొకటి. మిగతా ఒళ్లంతా గట్టిగా ఉంది.

కోటు తీసి వెలుతురులో తిప్పుతుంటే వామనుడి దగ్గర చెయ్యి ఆగిపోయింది. ఆయన చేతిలో గొడుగు నా చిటికెన వేలి గోరంత ఉంటుంది. భూతద్దంలో చూస్తే ఊచలు ఒక్కొక్కటీ విడిగా ఉన్నాయి. అంచున కుచ్చు కూడా ఉంది. బలి చక్రవర్తి కమండలం ఒంచి ధార పోస్తున్నాడు, ఆ నీరు మూడు సన్నని గీతలు. ఇంగ్లీషు మేడమ్ టీ పోసుకునేటప్పుడు ఆ గీతలు చూసి ఉండదు. చెక్కినవాడికి అది తెలుసు, అయినా చెక్కాడు. ఈ పనివాళ్ల పేర్లు ఎవరూ రాసి పెట్టలేదు, దుకాణాల పేర్లే మిగిలాయి.

పిడి పట్టుకునే నాగుపాము రెండు చివర్లా సన్నని తెల్ల బిళ్లలు. వేడి చేతికి ఎక్కకుండా పాతరోజుల్లో అక్కడ దంతం పెట్టేవారు. ఎముక అయితే భూతద్దంలో చిన్న నల్ల చుక్కలు కనిపిస్తాయి. వీటిలో చుక్కలు లేవు, చివర పక్కన ఒకదాన్నొకటి కోసుకునే సన్నని చారలు ఉన్నాయి. ఏనుగు దంతమే. 2018 నాటి దంతం చట్టం 2022 జూన్ నుంచి అమల్లోకి వచ్చాక దంతం ఉన్న వస్తువు అమ్మడం నేరం. 1947 మార్చి 3కు ముందు తయారై, పరిమాణంలో దంతం పది శాతంలోపు ఉంటే 20 పౌండ్లు కట్టి నమోదు చేయించి అమ్మవచ్చు. నమోదు అయిందా అని అడిగితే పెద్దాయన కాగితం తెచ్చి చూపించారు. లేదని చెప్పి ఉంటే నేను అక్కడి నుంచే వెనక్కి వచ్చేసేదాన్ని.

ఇక చెంచాలు. వాటి వెనక లంగరు, సింహం, కె అక్షరం. బర్మింగ్‌హామ్‌లో 1925తో మొదలైన వరసలో కె అంటే 1934. చెంచా బొడిపె నుంచి కాడ దాకా ఒక్కో దానికి ఒక్కో రంగు ఎనామిల్. మన మీనా పనిలాగే ఎనామిల్ అంటే గాజు పొడిని లోహం మీద కరిగించి పట్టించడమే. తేడా ఏమిటంటే, వీటిలో ముందు యంత్రంతో వెండి మీద అలల గీతలు కోసి, దాని మీద పారదర్శకమైన గాజు పోస్తారు. చెంచా తిప్పినప్పుడల్లా రంగు అడుగున ఆ అలలు మెరుస్తాయి. లేత ఆకుపచ్చ చెంచాలో మాత్రం ఒక మూల అలలు ఆగిపోయాయి. చెయ్యి పెడితే మిగతాచోట గాజు చల్లదనం ఉంది, ఆ మూల లేదు. అతినీలలోహిత కాంతి వేసి చూస్తే అక్కడ మబ్బు రంగు వెలుగు. ఊడిపోయిన గాజు స్థానంలో రెసిన్ పూసి రంగు కలిపారు. గాజును మళ్లీ కొలిమిలో పెట్టడం పెద్ద పని, మిగతా గాజు కూడా పగిలే ప్రమాదం ఉంది, అందుకే చాలామంది ఈ దారే పడతారు. బాగున్నాయి అని రిపోర్టు రాసినవారు ఇవేవీ చూడలేదో, చూసీ రాయలేదో. ఎనామిల్ ఉన్న వెండికి సొట్ట పడినా తిన్నగా కొట్టడం కుదరదని, గాజు ఎగిరిపోతుందని కూడా కొనేవారు గుర్తుంచుకోవాలి.

డబ్బు సంగతి. పాట ఆగిన ధర మనం కట్టే ధర కాదు. మన నగల షాపులో తరుగు, మజూరీ కలిపాక బిల్లు ఎలా మారుతుందో ఇదీ అలాగే. ఈ సంస్థలో కొనేవారి ప్రీమియం, అంటే కొన్నవారి నుంచి సంస్థ తీసుకునే కమీషను, 25 శాతం, దాని మీద వ్యాట్ 20 శాతం. అంటే సుత్తి ధర మీద 30 శాతం అదనం. ఇంట్లో కూర్చుని ఆన్‌లైన్‌లో పాడితే ఆ వేదికకు మరో మూడు శాతం, దాని మీదా వ్యాట్. కాబట్టి హాల్లో కూర్చుని 320 పౌండ్లకు పాడితే కట్టేది 416, ఆన్‌లైన్‌లో అయితే 427 దాటుతుంది. నేను ముందు చేతిలో ఉన్న మొత్తం రాసుకుని దాన్ని 1.3తో భాగించాను. టీపాట్‌కు 340, చెంచాలకు 70 అని కాగితం మీద వేసి, పైకి పోనని ఒట్టు పెట్టుకున్నాను. కరిగిస్తే వచ్చే వెండి ధర ఎంతో కూడా పక్కన రాసుకున్నాను. ఆ లెక్క కంటే దిగువకు ఆగే పాట ఉంటే వ్యాపారులే ఎత్తుకుపోతారు.

వేలం రోజు గురించి చెప్పడానికి పెద్దగా లేదు. గుర్తింపు కార్డు చూపించి నంబరు అట్ట తీసుకోవాలి. ఇక్కడ ఒకటోసారి, రెండోసారి అని అరవరు. ధర చెప్పుకుంటూ పోయి, చివర కళ్లు హాలంతా తిప్పి సుత్తి కొట్టేస్తారు. ఒక వస్తువుకు పట్టే సమయం అర నిమిషం. నా చెంచాలు 110కి పోయాయి. ఫోనులో ఎవరో తీసుకున్నారు, పచ్చ చెంచా సంగతి వారికి తెలుసో లేదో మరి. టీపాట్‌కు 220 దగ్గర నాతో కలిసి ముగ్గురు, 280 దగ్గర ఇద్దరం. ఎదుటివారు 300 అన్నారు, నేను 320 అన్నాను, అవతలివైపు నిశ్శబ్దం. సంతకం పెట్టి, 416 కట్టి, పాత పత్రికల్లో చుట్టిన పొట్లం ఒళ్లో పెట్టుకుని రైలెక్కాను.

అమ్మకు వీడియో కాల్‌లో చూపిస్తే మొదటి మాట, “నల్లగా ఉందేమిటే, విభూతి పెట్టి తోము.” వద్దమ్మా అన్నాను. విభూతి అయినా, బజారు పాలిషు అయినా ఆ ముట్టెను ఇంకాస్త అరగదీస్తాయి. లోతుల్లో పేరుకున్న నలుపు ఉంటేనే నకిషీ ఉబ్బెత్తుగా కనబడుతుంది. గోరువెచ్చటి నీళ్లు, కొంచెం మెత్తని సబ్బు, పాత నూలు గుడ్డ, అంతే.

విజయవాడకు తెచ్చి పూజగదిలో పెట్టమంటుంది అమ్మ. కుదరదు. దంతం సరిహద్దు దాటాలంటే, అంతరించే ప్రమాదమున్న జీవుల వ్యాపారం మీద ఉన్న అంతర్జాతీయ ఒప్పందం, సైటీస్ కింద అనుమతులు కావాలి. మన దేశంలో వన్యప్రాణి సంరక్షణ చట్టం దంతం విషయంలో ఇంకా కఠినం. ఆ బిళ్లలు తీయించి వేరే పదార్థం పెట్టిస్తే తీసుకెళ్లవచ్చని ఒక వెండి పనివాడు సలహా ఇచ్చాడు. అప్పుడు ఇంకో చిక్కు. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం నూరేళ్లు దాటిన వస్తువు ఒకసారి లోపలికి వచ్చాక ప్రైవేటు వ్యక్తులు దాన్ని దేశం బయటికి తీసుకెళ్లే వీలు లేదు. నేను రేపు ఏ దేశంలో ఉంటానో నాకే తెలియదు. పైగా ఇక్కడ అమ్మదలచుకున్నా నేను కొత్తగా నమోదు చేయించుకోవాలి, పాత యజమాని కట్టిన 20 పౌండ్ల కాగితం నాకు చెల్లదు. అందుకే ఆ బిళ్లలు అలాగే ఉంచాను. ఇంటి బీమాలో విడిగా రాయించాను.

“తేనప్పుడు దేనికే కొన్నావు, కనీసం టీ అయినా పెట్టుకో,” అంది అమ్మ. పెట్టుకున్నాను. నాగుపాము పిడి వేడెక్కలేదు, దంతం తన పని చేస్తోంది. కల్కి మోకాలి దాకా టీ పోయకుండా చూసుకుంటే చాలు. కాకపోతే కొమ్ము చివర కాస్త కారుతుంది, కింద పళ్లెం పెట్టుకోవాలి.